మెడ చుట్టూ ఒక గుడ్డ ముక్క

(ఎడ్మంటన్‌లో తెలుగు కుటుంబాల శీతాకాలపు కలయికలో, 2025 డిసెంబర్‌లో, హాకీ ఆడే పిల్లల తల్లి ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో, ఇంత మంచులో చిన్నపిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. మన పిల్లలు ఈ మధ్య చాలామంది ఈ మంచు మీద ఆడే హాకీలో చేరుతున్నారు కదా, నీకు తెలిసింది నాలుగు మాటలు చెప్పమ్మా అని పెద్దలు అడిగారు. ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించి, చివరికి ఈ సంచి పట్టుకొచ్చాను.

ఇది మా పెద్దవాడి స్కేట్. పిల్లలూ, దూరం నుంచే చూడండి, ముట్టుకోవద్దు. నిన్ననే సాన పట్టించాను. కింద ఈ ఉక్కు బద్ద ఉంది చూశారా, దీని మందం సుమారు 3 మిల్లీమీటర్లు. నున్నగా ఉందనుకుంటాం గానీ మధ్యలో సన్నటి గాడి తీస్తారు. ఆ గాడికి రెండు పక్కలా రెండు అంచులు లేస్తాయి. మంచుని కరిచి పట్టుకునేది ఆ అంచులే. సాన సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి దుకాణాయన ఏం చేస్తాడో తెలుసా? బొటనవేలి గోరు దీని మీద అడ్డంగా పెట్టి మెల్లగా లాగుతాడు. గోరు నుంచి తెల్లటి పొడి రాలితే పదును బాగున్నట్టు. నేనూ అలాగే చూస్తాను. ప్రతి మ్యాచ్ ముందు గోరు మీద ఆ తెల్ల పొడి చూసినప్పుడు నాకు ఒకటే ఆలోచన. రింక్ మీద, అంటే ఆ మంచు బరి మీద, రెండు జట్లూ కలిపి 12 మంది, పెద్ద లీగుల్లో రిఫరీలూ లైన్స్‌మెన్ నలుగురు, మొత్తం 16 మంది. అంటే 32 బ్లేడ్లు. గంటకి 30 కిలోమీటర్లు దాటిన వేగంతో తిరుగుతూ, ఒకరినొకరు గుద్దుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ ఉంటారు. ఒకడు తలకిందులుగా పడ్డాడంటే కాలు పైకి లేస్తుంది. ఆ కాలి కింద ఉన్నది ఇదే.

ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది ఎదుటివాడి మెడ గురించి.

ముందు ఒక సంగతి. ఈ ఆట మీద కోపంతో నేను ఇక్కడ నిలబడలేదు. 2006 జనవరిలో తెనాలి నుంచి ఈ ఊరికి వచ్చాను. ఎవరూ తెలీదు, బయటికి వెళ్తే ఊపిరి గడ్డకట్టే చలి. ఆ వసంతంలోనే మన ఊరి జట్టు ఆయిలర్స్ ఆఖరి స్థానంలో ప్లేఆఫ్స్‌లోకి దూరి, డెట్రాయిట్‌ని, శాన్ హోసేని, ఆనహైమ్‌ని వరసగా ఓడించి స్టాన్లీ కప్ ఫైనల్‌కి వెళ్లింది. బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ నాతో మొదటిసారి మాట కలిపింది ఆ ఆట గురించే. బజార్లో, ఆఫీసులో, ఇంటి ముందు మంచు తవ్వేవాళ్ల దగ్గర అందరిదీ ఒకటే మాట. ఈ ఊరు నన్ను తన మనిషి అనుకున్నది ఆ నెలల్లోనే అని ఇప్పటికీ నమ్ముతాను. జూన్ 19న ఏడో మ్యాచ్‌లో కరోలినా చేతిలో 3-1తో ఓడిపోయినప్పుడు, పరిచయమై ఆరు నెలలు కూడా కాని ఊరి కోసం ఏడ్చాను. తర్వాత 2024లో ఫ్లోరిడా చేతిలో మళ్లీ ఏడో మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్ తేడాతో, 2025లో మళ్లీ అదే ఫ్లోరిడా చేతిలో. ఆ రాత్రులు మీలో చాలామంది మా ఇంట్లోనే ఉన్నారు. కాబట్టి ఈ ఆటను ప్రేమించే మనిషిగానే మాట్లాడుతున్నాను.

2023 అక్టోబర్ 28. ఇంగ్లాండులోని షెఫీల్డ్. ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం హిబ్బింగ్ అనే ఊరి కుర్రాడు. అంతకుముందు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ తరఫున ఇక్కడి అతిపెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 13 మ్యాచ్‌లు ఆడాడు. ఆ రోజు నాటింగ్‌హామ్ పాంథర్స్ తరఫున ఆడుతున్నాడు. ఎదురుగా వస్తున్న ఆటగాడు తూలినప్పుడు అతని స్కేట్ పైకి లేచి జాన్సన్ మెడకి తగిలింది. వేల మంది చూస్తుండగా జరిగింది. ప్రాణం దక్కలేదు. వయసు 29.

ఆ వీడియో నాకు చాలామంది పంపారు. నేను చూడలేదు. మీరూ చూడొద్దు, పిల్లల ఫోన్లలో ఉంటే తీసేయండి. తప్పు ఎవరిది అన్నదాని మీద చాలా రోజులు గొడవ జరిగింది. పోలీసులు దర్యాప్తు చేశారు. 2025లో కేసు పెట్టడం లేదని అక్కడి ప్రాసిక్యూషన్ వాళ్లు ప్రకటించారు. ఆ రెండో ఆటగాడు నల్లజాతి మనిషి కావడంతో అతని మీద కురిసిన జాతి దూషణలు చదివి నాకు ఒళ్లు వణికింది. ఒక ప్రాణం పోయిన చోట కూడా మనుషులు రంగు చూస్తారా అనిపించింది. కానీ ఈ గొడవలో అసలు ప్రశ్న పక్కకి పోయింది. అతని మెడ మీద ఏమీ ఎందుకు లేదు? మా వాడు ఆరేళ్ల వయసులో మొదటిసారి రింక్ మీదకి దిగినప్పుడు మెడ చుట్టూ కట్టే నెక్ గార్డ్ లేకపోతే కోచ్ లోపలికి రానివ్వలేదు. కెనడాలో పిల్లల హాకీలో అది ఎప్పటినుంచో తప్పనిసరి. ఆరేళ్లవాడి మెడకి ఉన్న రక్షణ 29 ఏళ్లవాడి మెడకి ఎందుకు ఉండదు? పెద్దయ్యాక మెడ గట్టిపడుతుందా?

ఈ ప్రశ్న పట్టుకుని పాత సంగతులు చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఒకే కథ మళ్లీ మళ్లీ కనిపించింది.

మీలో గోలీల, అంటే గోల్ కాచే పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు కదా, ఇది వినండి. 1959 దాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో గోలీలు దాదాపు అందరూ ముఖానికి ఏమీ లేకుండా నిలబడేవాళ్లు. గట్టిపడిన రబ్బరు బిళ్ల, అదే పక్, ముఖం మీదకి దూసుకొస్తుంటే ఉత్త ముఖంతో! మాంట్రియల్ జట్టులో జాక్ ప్లాంట్ అని గోలీ ఉండేవాడు. ఆ కాలంలో అతన్ని మించినవాడు లేడంటారు. ఉబ్బసం మనిషి. చిన్నప్పుడే అల్లిక నేర్చుకుని, తన ఊలు టోపీలు తనే అల్లుకునేవాడు. ఈ మాట చదివినప్పటి నుంచీ అతను నాకు మనింటి మనిషిలాగే అనిపిస్తాడు. ఫైబర్‌గ్లాస్ కంపెనీలో పనిచేసే ఒకాయన సాయంతో తన ముఖానికి సరిపోయే మాస్క్ తయారు చేయించుకున్నాడు. కోచ్ టో బ్లేక్ దాన్ని ప్రాక్టీసులో పెట్టుకోనిచ్చాడు గానీ మ్యాచ్‌లో వద్దన్నాడు. చూపుకి అడ్డం వస్తుందన్నది ఒక కారణం. మాస్క్ పెట్టుకున్నవాడు భయపడ్డాడని జనం అనుకుంటారన్నది రెండో కారణం.

1959 నవంబర్ 1న న్యూయార్క్‌లో మ్యాచ్. ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ ప్లాంట్ ముఖానికి తగిలింది. రక్తం కారుతుండగా లోపలికి తీసుకెళ్లి కుట్లు వేశారు. ఆ రోజుల్లో జట్టుకి రెండో గోలీ ఉండేవాడు కాదు. మాస్క్ లేకపోతే మళ్లీ దిగనని ప్లాంట్ చెప్పేశాడు. కోచ్‌కి వేరే దారి లేదు. ప్లాంట్ మాస్క్‌తో తిరిగి వచ్చాడు, మాంట్రియల్ 3-1తో గెలిచింది. ఆ సీజన్ చివర కప్ కూడా గెలిచింది, వరసగా అయిదోసారి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. మాస్క్ ముందే తయారై ఉంది. ప్రాక్టీసులో రోజూ వాడుతున్నాడు. ముఖం చీరుకుపోయేదాకా మ్యాచ్‌లోకి రానివ్వలేదు, అంతే. ఈరోజు ఎవరైనా గోలీ మాస్క్ లేకుండా దిగితే మనం ధైర్యం అంటామా? పిచ్చి అంటాం. అంటే అరవై ఏళ్లలో మారింది గోలీ కాదు, చూసే మన కళ్లు.

రెండోది తల. 1968 జనవరి 13న బిల్ మాస్టర్‌టన్ అనే మిన్నెసోటా నార్త్ స్టార్స్ ఆటగాడు ఇద్దరు ఢీకొట్టడంతో వెనక్కి పడ్డాడు. తల మంచుకి కొట్టుకుంది. హెల్మెట్ లేదు. అప్పట్లో పెట్టుకునేవాళ్లే బహు తక్కువ. రెండు రోజుల తర్వాత పోయాడు. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లో తగిలిన దెబ్బ వల్ల నేరుగా ప్రాణం పోయింది ఆయనకి ఒక్కడికే. ఆయన వయసు కూడా 29. ఆయన పేరు మీద ఆ ఏడాదే అవార్డు పెట్టారు, ఇప్పటికీ ఏటా ఇస్తారు. అవార్డు వెంటనే వచ్చింది. హెల్మెట్ నిబంధన రావడానికి 11 ఏళ్లు పట్టింది. 1979లో వచ్చిన ఆ నిబంధన కూడా ఎవరికి? కొత్తగా సంతకం పెట్టేవాళ్లకి మాత్రమే. అప్పటికే ఆడుతున్నవాళ్లు వాళ్లిష్టం.

ఆ పాతవాళ్లలో ఆఖరివాడు ఎవరో తెలుసా? క్రెయిగ్ మాక్‌టావిష్. మన ఆయిలర్స్ తరఫున మూడు కప్‌లు గెలిచిన మనిషి, నేను వచ్చిన 2006లో మన కోచ్ కూడా ఆయనే. ఆట నుంచి తప్పుకున్నది 1997లో. ఆయన ఆటంటే నాకు గౌరవం, ఆయన మీద ఒక్క మాట కూడా అనను, నిబంధన ఆయనకి ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ లెక్క చూడండి. మాస్టర్‌టన్ పోయిన తర్వాత ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద ఉత్త తల కనిపించకుండా పోవడానికి 29 ఏళ్లు పట్టింది. ఆయన బతికిన ఏళ్లన్ని.

మూడోది కళ్లు. దీన్ని తొందరగా చెప్పేస్తాను, ఒక్క మనిషి గురించి తప్ప. మానీ మల్హోత్రా. తండ్రి వైపు నుంచి మన భారతదేశం మనిషి, అందుకే అతను ఆడే రోజుల్లో ఏ జట్టులో ఉన్నా నేను స్కోరు చూసేదాన్ని. 2011 మార్చిలో వాంకూవర్ తరఫున ఆడుతుండగా పక్ ఎగిరి ఎడమ కంటికి తగిలింది. చూపు చాలావరకు పోయింది. అయినా ముఖమంతా కప్పుకుని ఆ జూన్‌లో ఫైనల్ ఆడటానికి తిరిగి వచ్చాడు. వాంకూవర్‌లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, టీవీ ముందు నేనూ లేచి నిలబడ్డాను. కంటికి అడ్డుగా ఉండే వైజర్ తప్పనిసరి అయ్యింది 2013లో. అదీ 26 కంటే తక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్లకే. వైజర్ లేకుండా ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఇప్పటికీ మిగిలారు.

ఇప్పుడు మెడ దగ్గరికి వస్తాను. జాన్సన్‌కి జరిగింది మొదటిసారి అనుకుంటున్నారా? 1989 మార్చి 22న బఫెలోలో క్లింట్ మలార్చుక్ అనే గోలీకి మెడ నరం తెగింది. ఆ జట్టు ట్రైనర్ వియత్నాం యుద్ధంలో వైద్య సహాయకుడిగా పనిచేసినవాడు కాబట్టి తెగిన చోటే చేత్తో నొక్కి పట్టుకుని ప్రాణం నిలబెట్టాడు. మలార్చుక్ రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ ఆడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత గట్టివాడో అన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ రాత్రి తనని వదల్లేదని, నిద్ర లేకుండా పోయిందని, ప్రాణం తీసుకోబోయానని ఆయనే నలుగురి ముందూ చెప్పుకున్నాడు. ఆ చప్పట్లు ఆయన్ని కాపాడలేదు. తర్వాత 2008లో, మళ్లీ బఫెలోలోనే, ఫ్లోరిడా ఆటగాడు రిచర్డ్ జెడ్నిక్ మెడకి సొంత జట్టు ఆటగాడి స్కేటే తగిలింది. బతికి బయటపడ్డాడు. మన ఆయిలర్స్‌లోనే 2022 నవంబర్‌లో ఎవాండర్ కేన్ కింద పడ్డప్పుడు మణికట్టు మీదుగా స్కేట్ వెళ్లింది. మా వాడు నా పక్కనే కూర్చుని చూస్తున్నాడు. అమ్మా, చెయ్యి కదా, పర్వాలేదు కదా అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

1989 నుంచి లెక్కపెట్టుకోండి. ఇన్ని హెచ్చరికలు. ఏం చేశారు?

జాన్సన్ పోయాక కదలిక వచ్చింది, ఒప్పుకుంటాను. ఇంగ్లాండులో 2024 జనవరి నుంచి నెక్ గార్డ్ తప్పనిసరి చేశారు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య తన పోటీలన్నిటిలో తప్పనిసరి చేస్తామని 2023 డిసెంబర్‌లోనే ప్రకటించింది. ఇక్కడ పడమటి రాష్ట్రాల జూనియర్ లీగ్ కొద్ది వారాల్లోనే నిబంధన తెచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కింద ఉండే ఏహెచ్‌ఎల్ 2024-25 సీజన్ నుంచి అందరికీ పెట్టింది, రిఫరీలకి కూడా. మరి అన్నిటికంటే పెద్దది, అన్నిటికంటే డబ్బున్నది, మన పిల్లలందరూ గోడల మీద బొమ్మలు అంటించుకునే ఎన్‌హెచ్‌ఎల్? 2025 వేసవిలో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందంలో రాసుకున్నారు. 2026-27 సీజన్ నుంచి నెక్ గార్డ్ తప్పనిసరి, కానీ ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా ఆడని కొత్తవాళ్లకి మాత్రమే.

మళ్లీ అదే. 1979లో చేసిందే, 2013లో చేసిందే.

దీని అర్థం ఏమిటో చూద్దాం. ఈ సీజన్‌లో 19 ఏళ్ల కుర్రాడు ఒకడు వచ్చి ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడనుకోండి. అతను పాతవాడి కింద లెక్క. 38 ఏళ్లదాకా ఆడితే 2044 దాకా ఉత్త మెడతో ఆడొచ్చు. అతని పక్కనే బెంచ్ మీద కూర్చున్న ఇంకో 19 ఏళ్లవాడు వచ్చే ఏడాది మొదటి మ్యాచ్ ఆడితే మెడ కప్పుకోవాలి. ఇద్దరిదీ అదే మంచు, అవే బ్లేడ్లు. స్కేట్ అంచుకి సీనియారిటీ తెలుస్తుందా?

(సభలో ఒకరు: "ఆటగాళ్లే వద్దంటే లీగ్ ఏం చేస్తుంది అమ్మా? వాళ్ల ఒళ్లు, వాళ్ల ఇష్టం కదా?")

మంచి ప్రశ్న అన్నయ్యా. నేనూ దీనితో చాలాకాలం పెనుగులాడాను. ఆటగాళ్ల సంఘం వాళ్ల తరఫున బేరమాడుతుంది, అది వాళ్ల హక్కు. చిన్నప్పటి నుంచి అలవాటైనది మార్చుకోవడం కష్టమే, ఉక్కగా ఉంటుంది, తల తిప్పేటప్పుడు ఒరుసుకుంటుంది, మా వాడూ అంటాడు. పైగా నెక్ గార్డ్ ఉంటే చాలు ఏమీ కాదని నేను చెప్పడం లేదు. కోతకి ఆగే నూలుతో నేసినదైనా పక్కకి జరిగితే సందు ఉంటుంది. అయినా వాళ్ల ఇష్టం అన్న మాట నాకు మింగుడుపడదు, ఎందుకంటే ఆ ఇష్టం ఉత్తినే పుట్టలేదు. డ్రెస్సింగ్ రూంలో పక్కవాళ్లందరి మెడలూ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కడే కప్పుకోవాలంటే చాలా మనోబలం కావాలి. అందరికీ ఒకేసారి పెడితే ఆ ఒక్కడి మీద బరువు ఉండదు. ప్లాంట్ కథలో కోచ్ భయం ఏమిటి? మాస్క్ పెట్టుకుంటే పిరికివాడంటారని. ఎవరంటారు? చూసేవాళ్లు. అంటే మనమే.

మన ఊళ్లల్లో చూడలేదా? మా బాబాయి తెనాలి నుంచి గుంటూరు వెళ్లేటప్పుడు హెల్మెట్ బండి అద్దానికి తగిలించుకుని వెళ్లేవాడు. పోలీసులు కనిపిస్తేనే తలకెక్కేది. పెట్టుకోండి బాబాయ్ అంటే, ఇన్నేళ్ల నుంచి నడుపుతున్నా నాకేమవుతుందే అనేవాడు. ఆయన అనుభవం ఆయన్ని కాపాడుతుందని ఆయన నిజంగా నమ్మాడు. ఎదురొచ్చే లారీవాడి అనుభవం సంగతి ఆయన చేతుల్లో లేదు కదా. ఇక్కడా అంతే. ఎంత గొప్ప స్కేటరైనా తన కాళ్లు తను అదుపులో పెట్టుకోగలడు. ఎదుటివాడు పడిపోవడం అతని అదుపులో ఉండదు.

క్రికెట్ తెలిసినవాళ్లకి ఇంకో మాట. ఫిల్ హ్యూస్ గుర్తున్నాడు కదా. 2014 నవంబర్‌లో సిడ్నీలో బంతి మెడకి తగిలి పోయాడు. ఆ రోజు మన ఇళ్లలో కూడా ఎవరికీ అన్నం సహించలేదు. మెడ వెనక కాపు పెట్టుకునే వీలు తర్వాత వచ్చినా స్టీవ్ స్మిత్ లాంటి పెద్దవాళ్లు ఇబ్బందిగా ఉందని పెట్టుకోలేదు. 2023 అక్టోబర్ 1 నుంచి క్రికెట్ ఆస్ట్రేలియా దాన్ని తప్పనిసరి చేసింది. పాతవాళ్లూ కొత్తవాళ్లూ అని విడదీయలేదు. స్మిత్‌కి కూడా అదే నిబంధన. తొమ్మిదేళ్లు ఆలస్యం, నిజమే. కానీ చేసినప్పుడు అందరికీ చేశారు. సరిగ్గా అదే నెల 28న షెఫీల్డ్‌లో జాన్సన్ పోయాడు. ఈ రెండు తేదీలూ నా మనసులో పక్కపక్కనే ఉండిపోయాయి.

ఇక మన గురించి, అంటే చూసే జనం గురించి. ఈ ఆటలో దెబ్బని పూజించే అలవాటు చాలా లోతుగా ఉంది. 2013లో బోస్టన్ ఆటగాడు గ్రెగరీ క్యాంప్‌బెల్ పక్‌కి అడ్డంపడితే కాలి ఎముక విరిగింది. విరిగిన కాలితోనే లేచి, అవతలివాళ్లు గోల్ కొట్టకుండా తన వంతు అయ్యేదాకా మంచు మీదే నిలబడ్డాడు. అదే ఏడాది ఫైనల్ ఆఖరి మ్యాచ్‌లో అదే జట్టు ఆటగాడు బెర్జెరాన్ విరిగిన పక్కటెముకతో ఆడాడు, ఊపిరితిత్తికి చిల్లు పడిందని తర్వాత తెలిసింది. ఆ వీడియోలు నేను ఎంతమందికి పంపానో. చూడండి మన హాకీ ఎలాంటిదో అని గర్వంగా పంపాను. ఇవాళ పంపను. వాళ్ల తెగువ మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ ఊపిరితిత్తికి చిల్లు పడినవాణ్ని ఆడనిచ్చిన పద్ధతిని నేను మెచ్చుకుంటూ పోతే, రేపు మెడ కప్పుకున్న కుర్రాణ్ని చూసి పక్కవాడు నవ్వడంలో నాకూ భాగం ఉన్నట్టే.

టీవీలో ఏళ్ల తరబడి హాకీ వ్యాఖ్యాత డాన్ చెర్రీగారి మాటలు విన్నవాళ్లు ఇక్కడ ఉన్నారు. ఆయనకి ఆట తెలుసు, ఆయన్ని ఇష్టపడ్డ ఇళ్లు ఈ దేశంలో లెక్కలేనన్ని. కానీ వైజర్ పెట్టుకునేవాళ్లు ఎక్కువగా యూరప్‌వాళ్లూ ఫ్రెంచివాళ్లూ అని 2004లో తెర మీదే అన్నాడు. అంటే ముఖం కప్పుకున్నవాడు అసలైన మనవాడు కాదని. 2019 నవంబర్‌లో వలస వచ్చినవాళ్ల గురించి, మనలాంటివాళ్ల గురించి అన్న మాటలకి ఆయన ఉద్యోగం పోయింది. ఈ రెండూ నాకు వేరువేరుగా కనిపించవు. ఎవరు గట్టివాడు, ఎవరు మనవాడు అని ఒకే కొలబద్దతో కొలిచే అలవాటు అది. అదే దేశంలో 2008లో పంజాబీలో హాకీ కామెంటరీ మొదలైంది. 2016 ఫైనల్లో పిట్స్‌బర్గ్ ఆటగాడు బోనీనో గోల్ కొట్టినప్పుడు హర్నారాయణ్ సింగ్ గారు ఆ పేరునే గుక్క తిప్పుకోకుండా పలికిన తీరు ఖండమంతా విన్నది. ఆ గొంతు విన్నప్పుడు ఈ ఆట నాది కూడా అని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది. నాది అనుకున్నాను కాబట్టే ఇవాళ దాని తప్పు గురించి మాట్లాడే హక్కు నాకుంది అనుకుంటున్నాను.

మెడ కప్పుకుంటే ఆట పలచబడుతుందని అనేవాళ్లకి ఒక జట్టుని చూపిస్తాను. 2025 జూన్‌లో ఏహెచ్‌ఎల్‌లో కాల్డర్ కప్ గెలిచింది అబ్బాట్స్‌ఫర్డ్ కానక్స్. ఏహెచ్‌ఎల్‌లో నెక్ గార్డ్ తప్పనిసరి అయిన మొదటి సీజన్ అదే. మెడలు కప్పుకునే గుద్దుకున్నారు, మెడలు కప్పుకునే పక్‌లకి అడ్డంపడ్డారు, మెడలు కప్పుకునే కప్ ఎత్తారు. ఆ జట్టులో బ్రిటిష్ కొలంబియాలోని సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్ ఉన్నాడు. ఆ జట్టు కోచ్ ఎవరో తెలుసా? మానీ మల్హోత్రా. ఒక కన్ను పోగొట్టుకున్నంత పనైన మనిషి బెంచ్ వెనక నిలబడి ఉంటే, ముందు వరసలో కూర్చున్న కుర్రాళ్లందరి మెడల చుట్టూ ఆ గుడ్డ ఉంది. ఆ ఫొటో చూసి నేను చాలాసేపు అలా ఉండిపోయాను.

ఇప్పుడు ఆ కుర్రాళ్లలో ఒకడు పై లీగ్‌కి వెళ్తే? ఈ సీజన్ లోపు ఒక్క మ్యాచ్ ఆడి ఉంటే, అక్కడ విప్పేయొచ్చు. కింద మెట్టు మీద ఉన్న రక్షణ పై మెట్టు ఎక్కగానే ఎందుకు పోవాలి? నాకు కోపం వచ్చేది ఇక్కడే.

మా వాడికి ఇప్పుడు పదిహేనేళ్లు. పోయిన నెల ప్రాక్టీసు అయ్యాక కారెక్కి, అమ్మా, పెద్ద లీగ్‌వాళ్లెవరూ పెట్టుకోరు, నేను పెద్దయ్యాక తీసేస్తాను అన్నాడు. వాడితో వాదించలేదు. ఆ రాత్రి ఇద్దరం కలిసి ఆయిలర్స్ మ్యాచ్ చూశాం. స్కోరు పక్కన పెట్టి, ఒక్కొక్కడు కెమెరా దగ్గరికి వచ్చినప్పుడల్లా మెడ చూశాం. కప్పుకున్నవాడు కనిపించినప్పుడు వాడు వేలు మడిచేవాడు. మొదటి పీరియడ్‌లో రెండు చేతుల వేళ్లు చాలు అన్నాడు. మూడో పీరియడ్‌కి వాడే, అమ్మా ఇతను కూడా పెట్టుకున్నాడు చూడు అని ముందే చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు అది మా ఇంట్లో అలవాటైపోయింది. వాడి చెల్లెలు కూడా చేరింది.

స్కేట్ సంచిలో పెట్టేస్తున్నాను. వచ్చే శనివారం మా ఇంట్లో మ్యాచ్ చూద్దాం, పులిహోర నేను చేస్తాను. కొత్తగా చేరిన పిల్లల నెక్ గార్డ్‌లు పట్టుకురండి, మెడకి ఎంత పైకి రావాలో, వదులుగా ఉంటే ఎలా బిగించాలో ఒక్కొక్కరికీ చూపిస్తాను. కొనాల్సినవాళ్లు ఇప్పుడే నా దగ్గరికి రండి, కొలత టేపు కూడా తెచ్చాను.